ఆ కాగితం మీద సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాది మైదుకూరు దగ్గర ఒక పల్లె. 2009లో కాలువ వంతు నీళ్ల కాడ గొడవై మా ఊరాయన ఒకడు మా నాయనను పారతో కొట్టి చంపినాడు. జీవిత ఖైదు పడి కడప సెంట్రల్ జైల్లో ఉన్నాడు. పోయిన నెల కానిస్టేబులు ఇంటికి వచ్చి, ‘ఆయన్ను ముందుగా వదిలే లిస్టులో పెట్టినారు, మాకేం అభ్యంతరం లేదని ఇక్కడ సంతకం పెట్టండి’ అన్నాడు. మా అమ్మ మారు మాట్లాడకుండా లోపలికి పోయి తలుపేసుకునింది. రేపు చెప్తానని నేను పంపించేసినాను. మా చిన్నాయన ససేమిరా ఒప్పుకోవద్దంటాడు. మా ఇంటాయన ‘పదహైదేండ్లు దాటె, ఇంకెన్నాళ్లు’ అంటాడు. టీవీలో చూస్తే జైళ్ల ఖర్చు తగ్గాలంటే ఇట్లాంటోళ్లను వదిలేయడమే మేలని ఒకాయన, మన పన్నులతో హంతకుల్ని మేపుతున్నారని ఇంకొకాయన. ప్రభుత్వానికి నాలుగు రూపాయలు మిగలాలని మా నాయన్ను చంపినోణ్ణి వదిలేస్తారా? ఆయన పెరోలు మీద మూడుసార్లు ఊరికి వచ్చినాడు, మా వైపు తలెత్తి చూడలేదు. ఆయన తమ్ముడు మాత్రం పిండి మిషను కాడ ‘మా అన్న రానీ, అప్పుడు చెప్తా’ అన్నాడు. ఆయన మనమరాలు, నా బిడ్డ ఒకే ఆటోలో బడికి పోతారు. నేనేం రాయాలి?

సమాధానం: అమ్మా, ఆ రోజు సంతకం పెట్టకుండా రేపు చెప్తానన్నారు చూడండి, మంచి పని చేశారు. ఇంట్లో అందరూ తలా ఒక మాట అంటున్నప్పుడు గడువు అడగడం తప్పేమీ కాదు. ఆ గడువులోనే తీరిగ్గా ఆలోచిద్దాం.

మొట్టమొదట ఆ కాగితం సంగతి. మీ సంతకం లేనంత మాత్రాన విడుదల ఆగిపోదు, మీరు సంతకం పెట్టినంత మాత్రాన విడుదల అయిపోదు. జైలు నుంచి ప్రతిపాదన వెళ్లినప్పుడు, ఈ మనిషి బయటికొస్తే ఊళ్లో మళ్లీ గొడవలవుతాయా, బాధిత కుటుంబానికి ప్రమాదం ఉందా అని పోలీసుల నివేదిక అడుగుతారు. ఆ నివేదికకు ఆధారంగా మీ మాట కావాలి. మామూలుగా జరిగేదేమిటంటే, ముందే రాసుకొచ్చిన రెండు లైన్ల కింద సంతకం పెట్టించుకుంటే వాళ్లకు పని సులువు. ముప్పై ఏళ్లుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నవాణ్ణి, అట్లాంటి కాగితాలు లెక్కలేనన్ని చూశాను. చదవకుండా సంతకం పెట్టకండి, ఖాళీ జాగా ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి. వేరేవాళ్లు రాసిన మాటల కింద మీ పేరెందుకు? మీ మాట మీరే రాసివ్వండి. ఏం రాయాలో తర్వాత చెబుతాను.

డబ్బు మిగలాలని వదిలేస్తారా అని అడిగారు. మీ ఉత్తరంలో మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా కోసేసిన మాట అదేననిపించింది. వదలరు. చట్టంలో అట్లాంటి లెక్కే లేదు.

మన దేశంలో జీవిత ఖైదంటే ప్రాణం ఉన్నంత కాలం జైలే. పద్నాలుగేళ్లకు తలుపు దానంతటదే తెరుచుకుంటుందని మన ఊళ్లలో ఒక నమ్మకం ఉంది, అది నిజం కాదు. మరణశిక్షకు కూడా ఆస్కారమున్న నేరంలో, అంటే హత్య లాంటి దాంట్లో జీవిత ఖైదు పడ్డవాడు పద్నాలుగేళ్లు జైల్లో నిండా గడపనిదే, శిక్ష తగ్గించే చట్టం కింద అతణ్ణి విడుదల చేయకూడదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 433ఏ సెక్షను. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 475. సత్ప్రవర్తనకూ, జైల్లో చేసే పనికీ కలిసొచ్చే రోజులు ఈ పద్నాలుగేళ్ల లెక్కలోకి రావు. రాజ్యాంగం 161వ అధికరణం కింద గవర్నరుకున్న క్షమాభిక్ష అధికారం వేరు, దానికి ఈ అడ్డు లేదు. పద్నాలుగేళ్లు నిండినా విడుదల ఖైదీకి హక్కు కాదు. తన సంగతి న్యాయంగా పరిశీలించమని అడగడం వరకే అతని హక్కు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ముందస్తు విడుదల పాలసీ ఉన్న రాష్ట్రాల్లో ఖైదీ దరఖాస్తు పెట్టుకోకపోయినా, అర్హత వచ్చిన ప్రతి ఒక్కరి కేసునూ ప్రభుత్వమే చూడాలని చెప్పింది. ఆయన పేరు లిస్టులోకి రావడానికి ఎవరో డబ్బిచ్చి ఉంటారని, లీడరు చేత చెప్పించి ఉంటారని మీ చిన్నాయనకు అనుమానం ఉంటే ఈ సంగతి ఆయనకు చెప్పండి. లిస్టులో పేరుండటం ఒక్కటే చూసి అట్లా అనుకోనక్కర్లేదు.

పరిశీలించేటప్పుడు ఏం చూడాలో 2000లో లక్ష్మణ్ నస్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నేరం ఇద్దరి మధ్య జరిగిన ఒక ఘటనా, లేక సమాజాన్నే కుదిపేదా? మళ్లీ చేసే అవకాశముందా? నేరం చేసే సత్తువ, స్వభావం ఆ మనిషిలో ఇంకా మిగిలాయా? ఇంకా లోపలుంచితే ఏమైనా ప్రయోజనముందా? అతని కుటుంబం పరిస్థితేమిటి? ఇవీ ఆ ప్రశ్నలు. ఖజానాకు ఎంత మిగులుతుందన్న ప్రశ్న ఇందులో ఎక్కడుంది? టీవీలో ఎవరేమి అరిచినా, మీ నాయన ప్రాణానికి ఆ లెక్కలో వెల కట్టలేదు. మీ అమ్మగారికి ముందు ఈ ఒక్క మాట చెప్పండి.

ఖర్చు తగ్గించుకోవడానికి ఖైదీలను ముందే వదలాలన్న వాదన ఎక్కువగా పై దేశాల్లో నడిచింది. అమెరికాలో ఒక్క ఖైదీ మీద ఏడాదికి పదుల వేల డాలర్లవుతుంది. 2009లో కాలిఫోర్నియా ప్రభుత్వం చెల్లింపులకు డబ్బుల్లేక ప్రామిసరీ పత్రాలిచ్చే స్థితికి వచ్చినప్పుడు ఈ చర్చ అక్కడ బాగా ముదిరింది. రెండేళ్ల తర్వాత 2011లో, అక్కడి జైళ్లు కట్టిన సామర్థ్యానికి 137.5 శాతం మించి జనాన్ని ఉంచవద్దన్న కింది కోర్టు ఆదేశాన్ని అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. కోర్టు చూసింది డబ్బు కాదు, కిక్కిరిసిన జైళ్లలో వైద్యం అందక మనుషులు చచ్చిపోవడం. ఇంగ్లండులో 2024 సెప్టెంబరులో చోటు చాలక, కొన్ని రకాల శిక్షల్లో సగం కాలానికి బదులు నలభై శాతం గడిపితే చాలని వదిలారు. ఆ గొడవల్ని తెచ్చి నేరుగా కడప జైలు గోడకు ఆనిస్తే పొసగదు.

పోనీ మన దగ్గర డబ్బు మిగులుతుందా అంటే, జైలు లోపలా బయటా చూసినవాడిగా చెబుతున్నాను, పదిమంది ముసలి జీవిత ఖైదీలను వదిలితే మిగిలేది వాళ్ల బియ్యం, పప్పు, మందుల ఖర్చు. కావలి టవరు మీద నిలబడే వార్డరు జీతం అట్లాగే ఉంటుంది. కరెంటు బిల్లు, గోడ, గేటు అట్లాగే ఉంటాయి. పైగా జైల్లో పదేళ్లు దాటిన ఖైదీల్లో చాలామంది జైలుకు బరువు కారు, వంటశాలా నేతశాలా వాళ్ల చేతుల మీదే నడుస్తుంటాయి. అనంతపురం పక్కన రెడ్డిపల్లి ఓపెన్ జైలులో ఖైదీలు సేద్యం చేస్తారు. జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో బండికి పెట్రోలు కొట్టేది ఖైదీలే. ‘కూచోబెట్టి మేపుతున్నారు’ అనే మాట టీవీలో బాగా పేలుతుంది, కానీ ఆ మాట అన్నవాళ్లు జైలు గేటు దాటి లోపలికెళ్లి ఒక పూట చూసినట్టు నాకనిపించదు.

ఖర్చు మీద నిజంగా దిగులుంటే చూడాల్సిన చోటు వేరే ఉంది. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 4,36,266 మందికే చోటుంది. ఉన్నది 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే ఇంకా ఏ కోర్టూ దోషి అని తేల్చనివాళ్లు. శిక్ష పడ్డ ఒక్కడూ లేకపోయినా, వీళ్లతోనే దేశంలోని జైళ్లన్నీ దాదాపు నిండిపోతాయి.

నాకు ఒక కుర్రవాడు గుర్తొస్తాడు. బోరు మోటారు కేబులు దొంగతనం కేసు. పంతొమ్మిదేళ్లుంటాయి. మొదటి నెలలోనే బెయిలిచ్చారు, ఇద్దరు జామీనుదార్లు కావాలన్నారు. తల్లి పత్తి చేలల్లో కూలికి పోయే మనిషి. పాసుపుస్తకం ఉన్నవాళ్ల ఇళ్లన్నీ తిరిగింది. దొంగ కేసుకు జామీను ఎవరొస్తారు? ఏడు నెలలు సబ్‌జైల్లోనే ఉన్నాడు. ఒక వాయిదాకు తెచ్చినప్పుడు కోర్టు వరండాలో తల్లి చిత్రాన్నం పొట్లం చేతిలో పెట్టుకుని నిలబడి ఉంది. వాడు పొట్లం వైపు చూడకుండా నన్నడిగాడు: ‘సార్, నాకు బెయిలొచ్చిందంట గదా, మరి నన్నెందుకు పంపిస్తాండ్లేదు?’ ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకే నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

ఇప్పుడు దారులు కొంచెం మెరుగయ్యాయి. బెయిలొచ్చి వారమైనా బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. పేద విచారణ ఖైదీకి బెయిలు సొమ్ము కోసం సాయం చేసే కేంద్ర పథకం అదే ఏడాది వచ్చింది. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు, తన నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లోనే గడిపేస్తే, కొన్ని మినహాయింపులు పోను, వదిలిపెట్టాలని కొత్త చట్టం 479వ సెక్షను చెబుతుంది. డబ్బు మిగలడానికైనా, న్యాయానికైనా ముందు చేయాల్సిన పనులివి. మీ నాయన కేసును ఆ తక్కెట్లో వేసి తూచడం మీకూ అన్యాయం, ఆ కుర్రవాడి లాంటివాళ్లకూ అన్యాయం. ఈ టీవీ చర్చల మీద నా కోపమంతా దీనికే.

సరే, మీరేం రాయాలి?

అభ్యంతరం ఉంది, లేదు అనే మాటతో మొదలుపెట్టకండి. జరిగింది రాయండి. పెరోలు మీద మూడుసార్లు వచ్చాడు, మా వైపు తలెత్తి చూడలేదు అని నాకు ఉత్తరంలో రాశారు. ఆ వాక్యం అధికారులకిచ్చే కాగితంలో కూడా ఉండాలి. మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ ఆయన మళ్లీ నేరం చేస్తాడా లేదా అన్నదానికి జైలు రికార్డు కంటే, ఊళ్లో ఉన్న ఆ కొద్ది రోజులే పెద్ద సాక్ష్యం. ఆ సాక్ష్యం మీ దగ్గరుంది. నిజం మీకు అనుకూలంగా ఉన్నచోటే రాసి మిగతాది దాచిపెడితే, మీ భయం గురించి మీరు రాసే మాటకు కూడా బలం పోతుంది.

తమ్ముడి మాట సంగతి వేరు. పిండి మిషను దగ్గర ఏ రోజు, ఏ వేళకు, ఎవరెవరు ఉండగా, ఏ మాటన్నాడో అన్నది అన్నట్టుగా రాయండి. దాని మీద స్టేషనులో విడిగా ఫిర్యాదివ్వండి, రసీదు తీసుకోండి. విడుదల గురించి ఇచ్చే కాగితంలో కూడా దాన్ని పేర్కొనండి. అయితే తమ్ముడన్న మాటను అన్న నోట్లో పెట్టకండి. జైల్లో ఉన్న మనిషి ఆ మాట అనలేదు, బహుశా విని కూడా ఉండడు. చిన్నాయన ఈ రెంటినీ కలిపి రాయమంటారు, నాకు తెలుసు. ఒప్పుకోకండి.

ఇంకొకటి. సీమలో మనిషి చచ్చిపోతే చాలు ఫ్యాక్షన్ అని పేరు పెట్టేస్తారు. మీది కాలువ వంతు నీళ్ల దగ్గర పుట్టిన తగాదా అయితే అదే రాయండి. పెద్ద పేరు పెడితే కేసు బలపడుతుందని ఎవరైనా చెబితే వినకండి. శిక్ష వేసిన కోర్టు తీర్పులో ఘటన ఎట్లా జరిగిందో ఉంటుంది. తీర్పు ఎదురుగా ఉన్నప్పుడు మీ పెద్ద పేరు నిలబడదు.

బాధితుల మాట ఎవరు వింటారులే అని మీకనిపించవచ్చు. వింటారు. మన కర్నూలు జిల్లా సంగతే చూడండి. హత్య జరిగిన ఒక కేసులో శిక్ష పడ్డ మనిషికి గవర్నరు శిక్ష తగ్గించారు. హతుడి కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఆ ఖైదీ ఫలానా పార్టీకి మంచి కార్యకర్త అని అధికారుల నివేదికలో రాసి ఉంది. క్షమాభిక్షకు అదేం ఆధారమని 2006 అక్టోబరులో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఏపూరు సుధాకర్ తీర్పు అంటే దేశమంతటా వకీళ్లకు తెలుసు. గుజరాత్‌లో సామూహిక అత్యాచారం, హత్యల కేసులో జీవిత ఖైదు పడి 2022 ఆగస్టులో విడుదలైన పదకొండుమందిని, ఆ కేసు బాధితురాలు బిల్కిస్ బానో పిటిషను మీద 2024 జనవరి 8న సుప్రీంకోర్టు తిరిగి జైలుకు పంపింది. ఆ రెండు కేసులతో మీ కేసుకు పోలిక లేదు, మీ దగ్గర అట్లాంటి మోసం జరిగినట్టు నాకు కనిపించలేదు. ఒకవేళ జరిగితే తలుపు ఉంది అని చెప్పడానికే ఇవి రాశాను.

చాలామందికి తెలియని సంగతి, విడుదలకు షరతులు పెట్టవచ్చు. ఫలానా కాలం వరకు నెలకోసారి స్టేషనులో సంతకం పెట్టాలనో, బాధిత కుటుంబం జోలికి పోకూడదనో ప్రభుత్వం రాయవచ్చు. షరతు తప్పితే, సంజాయిషీ అడిగి, విడుదలను రద్దు చేసి మిగిలిన శిక్షకు మళ్లీ లోపలికి పంపవచ్చు. మరీ గొంతు నులిమే షరతులు కోర్టులో నిలవవు, ఊళ్లోకే రాకూడదని శాశ్వతంగా అడిగితే కష్టం. మొదటి కొన్ని నెలలు వేరే ఊళ్లో బంధువుల దగ్గర ఉండాలని, మీ చేను వైపు, మీ ఇంటి వైపు రాకూడదని అడగండి. మీకు ఏది ధైర్యమిస్తుందో మీరే కూర్చుని ఆలోచించి రాయండి. ఆ కాగితం జైలు సూపరింటెండెంటుకు ఒకటి, ఎస్పీ ఆఫీసుకు ఒకటి స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచుకోండి. రాయడానికి మనిషి కావాలంటే కడప జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. ఆడవాళ్లకు అక్కడ వకీలు సాయం ఉచితం, ఆదాయం ఎంతని అడగరు. నాయన చనిపోయినందుకు అప్పట్లో పరిహారం ఏమైనా అందిందో లేదో కూడా అక్కడే అడగండి. ఇన్నేళ్ల తర్వాత వస్తుందని మాట ఇవ్వలేను, అడగడం మాత్రం మానొద్దు.

నా అభిప్రాయం దాచను. పద్నాలుగేళ్లు పైగా లోపలుండి, వచ్చిన మూడుసార్లూ తల దించుకుని వెళ్లిన మనిషి బయటికి రావడం తప్పని నేననుకోను. మీ స్థానంలో నేనుంటే అట్లా అనగలిగేవాణ్ణా అంటే తెలియదు, అందుకే మీకిది సలహాగా ఇవ్వడం లేదు. మీ ఇంటాయన ‘ఇంకెన్నాళ్లు’ అన్నారని మీరు నొచ్చుకున్నట్టు ఉత్తరంలో కనిపిస్తుంది. ఆయన మీ నాయనను మరిచిపోమని అనలేదేమో, రోజూ ఇదే మాటతో మీరు నలిగిపోవడం చూడలేక అన్నారేమో, ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి. అభ్యంతరం లేదని రాస్తే క్షమించినట్టా అని కూడా మీరు లోలోపల మథనపడుతుంటారు. ప్రభుత్వం మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు, ఆ అధికారం దానికి లేదు. ఆయన ఎదురుపడినా జీవితాంతం పలకరించకుండా ఉండవచ్చు, ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టరు.

ఆటో సంగతి రాశారు. ఆ పాపను ఆటో మాన్పించాలని గానీ, మీ బిడ్డను వేరే ఆటోకు మార్చాలని గానీ ఎవరైనా అంటే వద్దనండి. ఆ ఇద్దరికీ కాలువ తగాదా తెలియదు. పెద్దాయన వచ్చిన రోజున ఊళ్లో ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు, కాబట్టి అంతకు ముందే మీ నోటితో మీరే మీ బిడ్డకు, దాని వయసుకు తగ్గట్టు, తాతకు ఏమైందో చెప్పండి.

మీ అమ్మగారు ఆ రోజు తలుపేసుకున్నారు, ఆ తర్వాత ఈ విషయం మీద ఏమన్నారో మీరు రాయలేదు. చిన్నాయన మాట, మీ ఇంటాయన మాట, మీ మాట అన్నీ ఉత్తరంలో ఉన్నాయి. మీరు పంపే కాగితం కాకుండా ఆమె పేరుతో విడిగా ఇంకొక కాగితం ఉండాలి. తొందరపెట్టకండి. పనులన్నీ అయ్యాక ఒక సాయంత్రం పక్కన కూర్చుని అడగండి, ఆమె ఎట్లా చెబితే అట్లాగే ఆమె మాటల్లోనే రాయండి. మీకు నచ్చని మాట వచ్చినా దిద్దకండి. వేలిముద్ర వేయించే ముందు మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చదివి వినిపించండి.